బోల్టు తలలో పక్కదారి

మార్చి 4, బుధవారం

ఈ రోజు నా పార్లర్‌లో ఒక వింత చూశాను. ఎవరికీ చెప్పనని మాటిచ్చాను కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను.

మధ్యాహ్నం మా ఆడపడుచు పరిగెత్తుకుంటూ వచ్చింది. నెత్తి నిండా గేర్ ఆయిల్. కారు కింద పడుకుని ఏదో విప్పుతుంటే డబ్బా తిరగబడిందట. కార్ల మెకానిక్ కదా, ఇలాంటివి మామూలే. చిన్నప్పుడు ఎక్కడ బోల్టు కనిపించినా విప్పేసేదని ఇంట్లో అందరూ ఆమెను బోల్టు అనే పిలుస్తారు. నేను కాపురానికి వచ్చాక ఒక్కసారి కూడా నా చేత తల కడిగించుకోలేదు. ఈ వీధిలో ఆడవాళ్ల తలలన్నీ నా చేతుల్లోనే ఉన్నాయి, సొంత ఆడపడుచు తల మాత్రం అందలేదు. ఇవాళ కూడా షాంపూ ఇలా పడెయ్ వదినా, నేనే కడుక్కుంటా అంది. నోర్మూసుకుని కూర్చోమన్నాను. కుర్చీ వెనక్కి వాల్చి, తల బేసిన్‌లోకి వంచి, నీళ్లు వదిలాను.

ఆయిల్ వదలక మళ్లీ షాంపూ రుద్దుతుంటే నా వేళ్ల కింద ఏదో లేచింది.

నుదుటి పైన, జుట్టు మొదలయ్యే చోటికి కాస్త వెనక, ఎడమవైపు. మెత్తగా, నిమ్మకాయంత. ఇందాక లేదు, ఒట్టేసి చెప్తాను. జుట్టు విడదీసి చూస్తే నీలంగా ఉంది. కుర్చీ లేపాను. పోయింది. మళ్లీ వాల్చాను. నింపాదిగా, ఎవరో లోపలి నుంచి ఊదుతున్నట్టు, నిండింది.

బోల్టు కళ్లు తెరవకుండానే, అన్నయ్యకి చెప్పకు వదినా అంది.

మార్చి 5

చెప్పేశాను. నా కడుపులో ఆవగింజ కూడా నానదని మా ఆయనకు తెలుసు, అందుకే రాత్రి భోజనాల దగ్గర ఏమైందని అడిగాడు. నేను చెప్పాను. అత్తయ్య చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

అత్తయ్యకు మొదటి నుంచీ తెలుసు. పసిపిల్లగా గుక్కపట్టి ఏడిస్తే అక్కడ ఉబ్బేదట. అప్పటి డాక్టరు నొక్కి చూసి, దీన్ని కదిపితే ఏమవుతుందో నాకు తెలియదమ్మా, వదిలేయండి అన్నాడట. అత్తయ్య వదిలేసింది. నలుగురిలో తల వంచకే అని మాత్రం నేర్పింది. బోల్టు అంత దట్టంగా జుట్టు పెంచి, ముడి తెచ్చి సరిగ్గా అక్కడ ఎందుకు పెట్టుకుంటుందో నాకు ఇప్పుడు అర్థమైంది. ఫ్యాషన్ తెలియని పిల్ల అని ఎన్నిసార్లు వెక్కిరించానో. నా కళ్లు పోను.

వెక్కిరించినందుకు నాకు కోపం రావాల్సింది నా మీద. వచ్చింది మాత్రం బోల్టు మీద. బుర్ర మీద అలాంటిది పెట్టుకుని, పైన టన్నుల ఇనుము వేలాడుతుంటే దాని కింద వెల్లకిలా పడుకుంటావా అని అరిచాను. కారు కింద పడుకోకపోతే ఇంకెవరి కింద పడుకోను వదినా అంది. అత్తయ్యకు కూడా నవ్వాగలేదు.

మార్చి 11

పెద్ద సర్జన్ దగ్గరికి వెళ్లాం. బోల్టు, నేను. అరచేతులు బల్ల మీద పెట్టి మాట్లాడే మనిషి. తల ముట్టుకోలేదు, ముందే తీయించిన స్కాన్ చూశాడు. మనుషులు తలను ఎలా ముట్టుకుంటారన్నదాన్ని బట్టే వాళ్ల మీద నాకు అభిప్రాయం ఏర్పడుతుంది. అది నా వృత్తిరోగం. ఆయనకు సున్నా వేశాను.

ఈ చెవి నుంచి ఆ చెవి దాకా కోయాలన్నాడు. చర్మం వెనక్కి మడిచి, ఎముక చెక్కి, అందులో ఉన్న కన్నం పూడ్చాలి. రక్తం బాగా పోవచ్చు. ఏమీ చేయకపోతే మాత్రం కార్ల కిందకి దూరడం మానేయాలి. దాని మీద గట్టి దెబ్బ తగిలి చిట్లితే మెదడు సిరలోంచే నేరుగా రక్తం పోతుంది, ఆగడం కష్టం.

బోల్టు లేచి నిలబడింది. అప్పుడు ఆయన ఇంకో మాట అన్నాడు. ఒక డాక్టరు దీన్ని సూదితో మూస్తారు, నాకంటే ఆవిడ దగ్గరికి ముందు వెళ్లండి, నా దగ్గరికి రావాల్సిన అవసరం రాకపోతే సంతోషిస్తాను అన్నాడు.

సున్నా కొట్టేశాను.

మార్చి 12

బోల్టు పనికి వెళ్లలేదు. మా మిక్సీ విప్పి మళ్లీ బిగించింది. అది బాగానే పనిచేస్తోంది, అంతకు ముందు కూడా బాగానే పనిచేసేది.

మార్చి 18

సూదుల డాక్టరమ్మ. బోల్టు పెట్టిన పేరు.

పొట్టిగా, కళ్లజోడుతో, గోళ్లు కురచగా కత్తిరించుకుని ఉన్నారు. స్కాన్ పక్కన పెట్టి ముందు ముడి విప్పనా అని అడిగారు. ఆవిడ వేళ్లు జుట్టులోకి వెళ్లిన తీరు చూశాను. జుట్టు లాగకుండా, దువ్వెనలా కాకుండా, అడుగున చర్మాన్ని వెతుక్కుంటూ. తలను చదవడం అంటారే, అది. బోల్టుని ముందుకు వంచి, నిండనిచ్చి, చుట్టూ ఒక్కో చోట నొక్కి చూశారు. ఎక్కడ నొక్కితే నిండడం ఆగుతుందో అక్కడ వేలు ఆపి, ఇదిగో తలుపు అన్నారు. నేను ఇన్నేళ్లలో వేల తలలు పట్టుకున్నాను. అలా ఎవరూ పట్టుకోగా చూడలేదు.

దానికో పేరుంది, సైనస్ పెరిక్రేనియై. జలుబు సైనస్‌కీ దీనికీ చుట్టరికం లేదట. మెదడు వాడేసిన రక్తం పుర్రె లోపలి పెద్ద సిరల్లోంచి మెడలోకి దిగిపోవాలి. బోల్టుకి పుట్టుకతోనే ఎముకలో సన్నటి కన్నం ఉండిపోయింది. అందులోంచి లోపలి సిరకూ బయటి చర్మం కింది సిరలకూ లంకె. తల వంచితే రక్తం బయటికి పొంగుతుంది, లేస్తే లోపలికి జారిపోతుంది. చాలా అరుదు, తన చేతుల మీదుగా కూడా కొద్దిమందే వెళ్లారు అన్నారు. గొప్పకు చెప్పలేదు, ఉన్నమాట చెప్పారు.

చిన్న సూది పెట్టి, ఉబ్బు లోపలి రక్తపు సంచిలో గ్లూ నింపి మూసేస్తారట. కోత లేదు, కుట్లు లేవు. మా ఆయన ఫోన్‌లో వింటూ, మరి ఆలస్యం ఎందుకండీ అన్నాడు.

ఆలస్యం ఇందుకు. ఈ కన్నం పక్కదారి అయితే మూసేయచ్చు. ఆమె మెదడు మాత్రం ఇదే తన రహదారి అని అలవాటు పడిపోయి ఉంటే, మూస్తే రక్తం ఎటూ పోలేక మెదడు ఉబ్బిపోతుంది. ప్రాణం మీదికొస్తుంది. అది స్కాన్‌లో సగమే తెలిసింది. బల్ల మీద మత్తిచ్చి, రంగు మందు పంపి, ఉబ్బుని బొటనవేలితో నొక్కి పట్టి చూడాలి. నొక్కినా మెదడు రక్తం వేరే దారిన హాయిగా దిగిపోతే మూస్తాను. దిగకపోతే ముట్టుకోను, అప్పుడు మీరు వేరే పని చూసుకోవాల్సిందే అన్నారు.

ఇంటి గుమ్మంలో చెప్పులు విప్పుతూ బోల్టు, నాకు వేరే పని రాదు వదినా అంది.

మార్చి 26, సాయంత్రం

రేపే. పార్లర్ మూసేశాక బోల్టుని కూర్చోబెట్టి గుండు చేశాను.

తలకి ఏం చేయాలన్నా ముందు జుట్టు తీస్తారు కదా. ఆస్పత్రిలో ఎవడో మొద్దు మెషిన్‌తో చెక్కితే నేను ఊరుకోగలనా? మా ఇంటి తల మా ఇంట్లోనే అవ్వాలి. కొత్త బ్లేడు, వేడి నీళ్లు, మంచి నురుగు. బోల్టు అద్దం వైపు చూడలేదు. అంత జుట్టు నేల మీద పడుతుంటే నాకే ఏడుపొచ్చింది. కానీ పని మాత్రం ఎంత శుభ్రంగా చేశానో, అద్దంలా ఉంది. ఉబ్బు చుట్టూ మరీ జాగ్రత్తగా, నిటారుగా కూర్చోబెట్టే చేశాను. అక్కడక్కడా గీసుకుంది, కనిపించనంత.

అత్తయ్య తల నిమిరి, చిన్నప్పటిలా ఉన్నావే అంది.

మార్చి 27

తల కొట్టేసినట్టయింది.

డాక్టరమ్మ బోల్టు టోపీ తీయించి చూశారు. ఎవరు చేశారు అన్నారు. నేను గర్వంగా, నేనేనండీ అన్నాను. ఎవరు చేయమన్నారు అన్నారు.

ఒక్క వెంట్రుక కూడా తీయాల్సిన పని లేదట. పాపిట తీసినట్టు తీసి, మందుతో తుడిచి, సూది పెడతారట. అందుకే కదా అన్నేళ్లు ఈ పద్ధతి నేర్చుకున్నది అన్నారు. అదీ పోనీ. బ్లేడు గీతలు. నా కంటికి కనిపించనివి ఆవిడ లైటు కింద ఎర్రగా కనిపించాయి. మెదడు దాకా దారి ఉన్న చోట, గీసుకున్న చర్మంలోంచి సూది దింపితే క్రిములు కూడా వెంట దిగుతాయి. పూర్తిగా మానేదాకా చేయను అన్నారు. ఇంకాస్త లోతుగా తెగి ఉంటే ఏమయ్యేదో కూడా చెప్పారు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది, నేను కూడా ఎదురు మాట్లాడేదాన్ని.

వెళ్లేటప్పుడు నా భుజం మీద చెయ్యి వేసి, పని మాత్రం నీట్‌గా ఉంది అన్నారు. వాష్‌రూమ్‌లోకి వెళ్లి ఏడ్చాను.

ఏప్రిల్ 2

బోల్టు గుండుతోనే గ్యారేజీకి పోతోంది. కారు కిందకి దూరనని డాక్టరమ్మకి మాటిచ్చి, నిలబడి చేసే పనులు చేస్తోంది. మధ్యాహ్నం క్యారేజీ ఇవ్వడానికి వెళ్లాను. వంగి టైరు చూస్తుంటే ఉబ్బు నీలంగా లేచింది, అందరి ముందూ. పెయింటరు అదేంటి అక్కా అన్నాడు. ఎక్స్‌ట్రా సైలెన్సర్ అంది.

ఎక్కడి నుంచి తెచ్చుకుంటుందో అంత ధైర్యం. నేనైతే దుప్పటి కప్పుకుని పడుకుని ఉండేదాన్ని.

నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండు.

ఏప్రిల్ 10, రాత్రి

చేయలేదు.

పొద్దున లోపలికి తీసుకెళ్లారు. తొడ దగ్గర నుంచి సన్నటి గొట్టం మెడ దాకా పంపి, రంగు మందు వదిలి, తెర మీద చూశారట. మేము బయట బల్ల మీద. మా ఆయన గోడ మీది బొమ్మలన్నీ చదివేశాడు. అత్తయ్య కళ్లు మూసుకుని కూర్చుంది.

డాక్టరమ్మ ఎక్స్‌రేలకు అడ్డం వేసుకునే సీసం ఏప్రన్‌తోనే బయటికొచ్చారు. ఉబ్బుని నొక్కి పట్టి చూస్తే లోపలి రక్తం నత్తనడక నడిచిందట. వేరే దారి సరిగ్గా కనిపించలేదు. అందుకని సూది దింపలేదు. ఇదే రహదారేమో అని అనుమానం. అనుమానం ఉన్నప్పుడు గ్లూ వేయకూడదమ్మా, వేసింది వెనక్కి రాదు అన్నారు.

నేను ఊరుకోలేదు. ఇంత దూరం తెచ్చి ధైర్యం చాలలేదా అనేశాను. మా ఆయన నా మోచెయ్యి పట్టుకు లాగాడు. అత్తయ్య మాత్రం లేచి నిలబడి, ఆవిడ చేతులు రెండూ పట్టుకుంది. అప్పటి డాక్టరు తెలియదన్నాడు, మీరు చూసి మరీ ఆగారు, అది చాలమ్మా అంది. ఈ మనిషి ఇలాంటి మాటలు ఎక్కడ దాచుకుంటుందో తెలియదు.

బోల్టు మత్తు దిగాక ముందు తల తడుముకుంది. ఉబ్బు అక్కడే ఉంది. గోడ వైపు తిరిగి పడుకుంది. సెకండ్ హ్యాండ్ స్పేర్ పార్టుల షాపు పెట్టుకుంటాలే అంది కాసేపటికి. గోడతోనే చెప్పింది.

ఏప్రిల్ 11

డాక్టరమ్మ తెల్లవారుతూనే ఫోన్ చేశారు. నాకే, నేరుగా. నిద్రలేని గొంతు.

నిన్న తెర మీద తీసిన సినిమా మళ్లీ మళ్లీ వేసుకుని చూశారట. నత్తనడక ఎందుకొచ్చిందో దొరికింది. సూదికి వీలుగా ఉంటుందని బోల్టు తలని బాగా కుడివైపు తిప్పి పెట్టారట. అలా తిప్పేసరికి మెడలో పెద్ద సిర నొక్కుకుపోయింది. అంటే మామూలు దారిని తనే మూసేసి, దారి లేదేంటి అని చూశారన్నమాట. తల పెట్టింది నేనే, పొరపాటు నాదే, మీ అమ్మాయికి రెండోసారి మత్తివ్వాల్సి వస్తున్నందుకు సారీ, తల నిటారుగా పెట్టి మళ్లీ చూస్తాను, ఇష్టమైతే రండి అన్నారు.

నిన్న ధైర్యం చాలలేదా అన్నాను ఆవిడని. తన పొరపాటు తనే ఒప్పుకోవడానికి ఎంత ధైర్యం కావాలో నాకు తెలుసు. బ్లేడు గీతల సంగతి ఇప్పటికీ నేను బోల్టుకి సారీ చెప్పలేదు.

సాయంత్రం చెప్పాను. ఎందుకు వదినా, గాలి భలే ఆడుతోంది అంది.

ఏప్రిల్ 15

పక్కదారే.

పక్కదారే పక్కదారే పక్కదారే.

ఏప్రిల్ 16

నిన్న రాయడం నా వల్ల కాలేదు.

ఈ రోజు డాక్టరమ్మ మమ్మల్ని తెర గదిలోకి తీసుకెళ్లి చూపించారు. మొదటి సినిమా: తల తిన్నగా, ఉబ్బు మీద బొటనవేలు. నల్లటి రంగు మెదడంతా పరుచుకుని, లోపలి పెద్ద సిరలోకి చేరి, గలగలా మెడలోకి దిగిపోయింది. ఉబ్బు వైపు కన్నెత్తి కూడా చూడలేదు. అంత హాయిగా దిగుతుంటే చప్పట్లు కొట్టాలనిపించింది. మా ఆయన నిజంగానే కొట్టాడు.

తరవాతది సూది. తెర మీద వెంట్రుకంత గీత. ముందు కొంచెం రంగు వదిలి, సూది సంచిలోనే ఉందా అని చూసుకున్నారు. తరవాత గ్లూ. ఒక చెయ్యి ఎక్కిస్తుంటే రెండో చెయ్యి తలుపు దగ్గర నొక్కి పట్టింది. గ్లూ చుక్క లోపలికి జారితే పెద్ద సిరే పూడుకుపోతుంది. అందుకని ఆపుతూ, చూస్తూ, మళ్లీ కొంచెం. నేను జుట్టుకి రంగు వేసేటప్పుడు నుదుటి మీద కారకుండా చిటికెన వేలు అడ్డం పెడతాను, దాన్నే పెద్ద విద్య అనుకునేదాన్ని. ఇక్కడ అడ్డం పెట్టిన వేలికి అవతల మనిషి ప్రాణం ఉంది. తెర మీద ఆ వేలి ఎముకలు కనిపించాయి, గ్లౌజు లోపల. వణుకు లేదు.

సంచి నిండగానే చుట్టూ సిరలు ఒక్కొక్కటే తెర మీద కనిపించడం మానేశాయి. ఇంత పనికీ బోల్టు తల మీద మిగిలింది చిన్న బ్యాండ్‌ఎయిడ్. దోమ కుట్టినా ఇంతకంటే పెద్ద గుర్తు ఉంటుంది.

నేను క్షమించమని అడిగాను, ఆ రోజు అన్నదానికి. అలా అడిగేవాళ్లు ఉండాలి, మాకు రాత్రి నిద్ర పట్టకూడదు అన్నారు. ఆవిడ్ని నెత్తిన పెట్టుకున్నా తప్పు లేదు.

ఏప్రిల్ 17

గడ్డలా గట్టిగా ఉంది, నొప్పి. గ్లూ అలాగే ఉంటుందట, మెల్లిగా కుదించుకుపోతుందట. ఇంకా తల వంచకూడదు. పూర్తిగా మూసుకుందా లేదా తేలేదాకా కారు కింద పడుకోకూడదు. బోల్టు నన్ను చంపుకు తింటోంది.

మే 20

చెకప్. స్కాన్ బాగుంది అన్నారు. అయినా డాక్టరమ్మ అక్కడితో ఆగలేదు. బోల్టుని పడుకోబెట్టి, మంచం తలవైపు కిందకి దించి, గుక్క బిగపట్టమన్నారు. బోల్టు ముఖం ఎర్రబడింది. మెడలో నరాలు లేచాయి. మేమంతా ఊపిరి బిగబట్టి అదే చోటు చూస్తున్నాం. ఎవరికి పరీక్షో తెలియలేదు.

లేవలేదు. ఏమీ లేవలేదు.

డాక్టరమ్మ నన్ను పిలిచి, మీరూ చూడండి, మీ చేతికి తెలుస్తుంది అన్నారు. మొలిచిన పొట్టి జుట్టులోకి వేలు పెట్టాను. మొదట భయం. తరవాత దొరికింది. చర్మం కింద కొంచెం గరుకుగా, బఠాణీ గింజంత గట్టితనం. దాని పక్కన ఎముకలో చిన్న పల్లం. పుట్టినప్పటి నుంచీ తెరిచి ఉన్న తలుపు, ఇప్పుడు మూసి ఉంది.

వెళ్లచ్చా డాక్టర్ అంది బోల్టు. ఎక్కడికో చెప్పలేదు. ఆవిడకి తెలుసు. హెల్మెట్ లాంటి టోపీ పెట్టుకుని వెళ్లమన్నారు. అత్తయ్య చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

మే 23, శనివారం, గ్యారేజీ

కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. ఒక సాక్సుకి చిల్లు.

పానా ఇవ్వు వదినా అని కింద నుంచి కేక. ఏ పానా అంటే పద్నాలుగు అంటుంది. నాకేం తెలుసు? ఉన్నవన్నీ లోపలికి తోశాను. తిట్టింది. సాయంత్రం దాకా తిట్టించుకుంటూ అక్కడే కూర్చున్నాను.